నలిపిన దిండు

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు రాజభవనం రెండో అంతస్తులో పక్కలు వేసింది. పిలవందే మంత్రులు కూడా అడుగుపెట్టకూడని అంతస్తు అది. కింది హాళ్ళన్నీ జనం చూడడానికి. పైన మాత్రం రాజుగారూ రాణిగారూ అందరిలాగే నిద్రపోయేవారు, జలుబు చేస్తే ముక్కు చీదుకునేవారు, పక్క మీద కూర్చుని బిస్కెట్లు తిని దుప్పటి నిండా పొడి రాల్చేవారు. ఈ బిస్కెట్ల సంగతి కూడా పెద్దమ్మ చెప్పింది కాదు, నేను ఊహించి రాస్తున్నది. ఆ అంతస్తు గురించి ఆమె ఎవరికీ ఏదీ చెప్పేది కాదు.

కోపం చల్లారాక రాద్దామని ఇన్నేళ్ళూ ఆగాను. చల్లారేలా లేదు. అందుకని వేడిగానే రాస్తున్నాను.

దుప్పట్ల గది ఆ అంతస్తు చివర ఉండేది. ఎండ తగిలితే తెల్లబట్ట పసుపు తిరుగుతుందని దానికి ఉత్తరం వైపు ఒకే ఒక్క కిటికీ పెట్టారు. గోడ పొడవునా చెక్క అరలు. ప్రతి దుప్పటి మూలా ఎర్రదారంతో చిన్న అంకె కుట్టి ఉండేది: ఏ గదిది, ఏ సంవత్సరానిది అని. వాడగా వాడగా నడిమి భాగం పలచబడ్డ దుప్పటిని పెద్దమ్మ నిలువునా చింపి, గట్టిగా ఉన్న అంచులు మధ్యకి తెచ్చి మళ్ళీ కలిపి కుట్టేది.

"రాజుగారు కూడా అతుకుల దుప్పటి మీదే పడుకుంటారా?" అని చిన్నప్పుడు అడిగాను.

"అతుకు ఒంటికి తగిలిందంటే కుట్టినదానికి పని రానట్టు" అంది. అంతే. ఎవరు ఏ దుప్పటి మీద పడుకుంటారో మాత్రం చెప్పలేదు.

అక్కడ పనివాళ్ళు నడిచే దారి వేరు. గోడల వెనక సన్నటి నడవా ఒకటి. దాని తలుపులకి కూడా గోడకి అంటించిన పూల కాగితమే అంటించడం వల్ల మూసుంటే తలుపని తెలిసేది కాదు. కింది నుంచి నలభై ఆరు మెట్లు. భుజాన మూటతో రోజుకి ఏడెనిమిది సార్లు ఎక్కి దిగేది. పెదనాన్న ఆ భవనం తోటలోనే నీటి గొట్టాలు చూసేవాడు. పెళ్ళైన ఆరేళ్ళకే పోయాడు. పిల్లలు లేరు. వెనక పెరట్లో పనివాళ్ళకిచ్చే రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది.

దుప్పట్లు చదవడం వస్తే మనుషుల సంగతి మొత్తం తెలిసిపోతుంది. ఎవరికి జ్వరం తగిలింది, ఎవరు నిద్రపట్టక దొర్లారు, ఎవరి దిండు తడిసింది. పెద్దమ్మకి అన్నీ తెలుసు. ఆమె చెల్లెలైన మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ప్రతి ఆదివారం అక్కని కూర్చోబెట్టుకుని కూపీ లాగేది.

"అక్కా, రాణిగారు గురక పెడతారటగా?"

"నీ అంత కాదులే."

ఇంకో ఆదివారం ఇంకో ప్రశ్న. జవాబు మాత్రం ఎప్పుడూ మా అమ్మ మీదే పడేది.

ఆఖరి నాలుగేళ్ళలో ఆ అంతస్తులో ఒక మార్పు వచ్చింది. రాణిగారు పెద్ద పడకగది వదిలి నడవా చివరున్న చిన్న గదికి మారారు. ఒకప్పుడు కుట్టుపని చేసుకునే గది అది. ఒక్క మనిషి పట్టే మంచం వేయించుకున్నారు. ఎందుకు మారారో నాకు తెలియదు, అది నాకు అనవసరం కూడా. పనివాళ్ళలో ఈ సంగతి తెలిసింది పెద్దమ్మకొక్కదానికే. తెల్లారి ఏడయ్యేసరికి ఆ చిన్న మంచం పక్క సర్ది, దాని బట్టలు కిందికి పంపకుండా తనే ఉతకడానికి తీసి, ఎవరూ పడుకోని గదిలా చేసి వచ్చేది.

పెద్ద పడకగదితోనే చిక్కు. కింద బట్టలుతికే చోట పన్నెండు మంది ఆడవాళ్ళు. మాసిన దిండు గలేబులు ఏ గదివి ఎన్ని వచ్చాయో అంకె చూసి విడదీసేది వాళ్ళే. పెద్ద మంచం మీంచి రోజూ ఒక్క గలేబే నలిగి వస్తుంటే వారం తిరక్కముందే ఊరంతా గుప్పుమనేది. అందుకని పెద్దమ్మ రోజూ పొద్దున ఆ మంచం రెండో వైపుకి వెళ్ళి, ఎవరూ తల పెట్టని దిండుని మోచేత్తో అదిమి నలిపేది. దుప్పటి ముడతలు పడేలా లాగేది, కప్పుకునేదాన్ని సగానికి తోసేది. ఆ తరవాత రెండు గలేబులూ తీసి కిందికి పంపేది.

అలా చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చేసినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. ఒకింటి గుట్టు ఆ ఇంట్లోనే ఉండాలని తనకి తోచింది, చేసింది. నాలుగేళ్ళు, ఒక్క పూట మానకుండా.

అప్పుడొచ్చింది పత్రికలో. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో, రాజదంపతులు నాలుగేళ్ళుగా వేర్వేరు గదుల్లో ఉంటున్నారని. చిన్న గది ఎక్కడుందో, అందులో మంచం ఏపాటిదో కూడా రాశారు.

మర్నాడు పొద్దున పది గంటలకి భవనం మేనేజరు పనివాళ్ళందరినీ కింద ఇస్త్రీ హాల్లోకి పిలిపించాడు. ముప్పై నలుగురు. ఇస్త్రీ బల్లల మీద వేడి ఇంకా ఆరలేదు. పత్రిక పైకెత్తి చూపించి, "ఈ గదిలోకి వెళ్ళే పనిమనిషి ఒక్కతే. పక్కలు వేసే మనిషికి తప్ప ఇది ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నేను చెప్పలేదండి" అంది పెద్దమ్మ.

"మరి దుప్పట్లు చెప్పాయా?"

ఎవరో నవ్వారు. మేనేజరు చెయ్యి చాపాడు, నడుముకున్న తాళాల గుత్తి ఇమ్మని. పెద్దమ్మ ఎంత లాగినా కొక్కెం ఊడలేదు. నేలకి మైనం పట్టించే ఆవిడ పక్కనే ఉంది. ఇరవై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర భోంచేసిన మనిషి. ఆవిడే వంగి కొక్కెం ఊడదీసి గుత్తి మేనేజరు చేతిలో పెట్టింది. ముప్పై ముగ్గురిలో ఒక్కరూ నోరు తెరవలేదు.

ఇల్లు ఖాళీ చెయ్యడానికి మూడు రోజులిచ్చారు. ఆ మూడు రోజుల్లోనే భవనం వాళ్ళు పత్రికలకి ఒక ప్రకటన పంపారు, వచ్చిన వార్త పూర్తిగా అబద్ధమని. చూశారా వరస? బయటికేమో అది అబద్ధం. లోపల మాత్రం నిజం బయటపెట్టిందని ఒక మనిషిని వెళ్ళగొట్టారు. అబద్ధమే అయితే ఆమె బయటపెట్టింది ఏమిటి? ఈ ప్రశ్న అప్పుడు ఎవరూ అడగలేదు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పని. నేనూ అడగలేదు.

పెద్దమ్మ ఒక ట్రంకు పెట్టె, ఒక కుట్టు డబ్బాతో మా ఇంటికొచ్చి నా గదిలో సర్దుకుంది. మూడు హోటళ్ళకి పనికి వెళ్ళింది. మూడు చోట్లా రాజభవనంలో ఎందుకు మానేశావని అడిగారు. ఆఖరి హోటలతను మొహం మీదే చెప్పాడు, నోరు జారే మనిషి మాకొద్దని. ముప్పై ఒక్క ఏళ్ళు పెదవి విప్పని మనిషికి ఊళ్ళో మిగిలిన పేరు అది. చివరికి ఆసుపత్రిలో బట్టల విభాగానికి వెళితే అక్కడి పెద్ద నర్సు ఒక్కటే అడిగింది.

"రక్తపు మరక పోగొట్టడం వచ్చా?"

"చన్నీళ్ళు, ఉప్పు. వేణ్ణీళ్ళు తగలనివ్వకూడదు."

"రేపు ఆరింటికి రండి."

ఆ రోజుల్లోనే ఒక పత్రికాయన మా ఇంటికొచ్చాడు. ఎలాగూ పేరు పోయింది కదమ్మా, తెలిసినవన్నీ ఇప్పుడైనా చెప్పెయ్యండి అన్నాడు. పెద్దమ్మ లోపలికెళ్ళి స్టవ్వు వెలిగించి అక్కడినుంచే అడిగింది, "టీలో చక్కెర ఎంత వెయ్యమంటారు?" ఆయన సంబరంగా రెండు చెంచాలన్నాడు. టీ తెచ్చిచ్చి, "ఇది తాగాక బయల్దేరండి. ఈ ఇంట్లో మీకు దొరికేది ఇంతే" అంది. మా అమ్మ తలుపు వెనక నిలబడి నెత్తి కొట్టుకుంది.

పదకొండేళ్ళు గడిచాయి. రాజుగారు పోయారు. కొడుకు గద్దె ఎక్కాడు. రాజుగారి తమ్ముడు తన జీవితం గురించి ఒక పుస్తకం రాసి అచ్చేయించాడు. మా పోస్టాఫీసులో ఒకాయన కొని తెచ్చుకుంటే మధ్యాహ్నం ఊరికే తిరగేశాను. రెండు వందల పదో పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఇలా ఉంది: "అన్నగారి మీద కోపంతో పేకాట బల్ల దగ్గర పత్రిక సంపాదకుడి చెవిన ఆ సంగతి వేసింది నేనే. నింద పక్కలు వేసే ఎవరో పనిమనిషి మీద పడిందని తరవాత విన్నాను. పాపం."

ఆ వెంటనే వేటకుక్కల గురించి మొదలుపెట్టాడు.

పుస్తకం అడిగి ఇంటికి తెచ్చాను. పెద్దమ్మ కళ్ళజోడు తుడుచుకుని చదివింది. మళ్ళీ చదివింది. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"విన్నాడట" అంది. "విని ఏం చేశాడే? పాపం అన్నాడు. పదకొండేళ్ళు తీరుబడిగా కూర్చుని ఒక్క పాపం అన్నాడు."

మర్నాడు సెలవు పెట్టమంది నన్ను. ఇద్దరం రాజభవనం ఆఫీసుకి వెళ్ళాం. పాత మేనేజరు పోయి కొత్తతను వచ్చాడు. మంచి బట్టలు, మంచి మాటతీరు. కుర్చీ వేయించాడు, పుస్తకంలో పేజీ చదివాడు, తల పంకించాడు. విచారం తెలియజేస్తూ ఒక ఉత్తరం ఇప్పిస్తానన్నాడు. సొరుగులోంచి రాజుగారూ రాణిగారూ కలిసి ఉన్న ఫొటో ఒకటి, కింద సంతకంతో ఉన్నది, తీసి బల్ల మీద పెట్టాడు.

పెద్దమ్మ ఫొటోని వేలితో వెనక్కి జరిపింది. "ఇలాంటివి ఏళ్ళ తరబడి తుడిచాను బాబూ. నాకు ఉత్తరమూ వద్దు. ఆ రోజు పొద్దున పది గంటలకి ఇస్త్రీ హాల్లో అందరి ముందూ అన్నారు. అదే హాల్లో, అదే టైముకి, అందరి ముందూ నేను కాదని చెప్పండి. ఒక్క నిమిషం పని."

"అప్పటివాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరండి."

"ఉన్న సగం మందికి చెప్పండి."

అతను ఫొటో మళ్ళీ సొరుగులో పెట్టేశాడు. "ఆ పుస్తకం గురించి భవనం తరఫున మేం అవుననీ అనం, కాదనీ అనం. అది పద్ధతండి."

"నా విషయంలో మటుకు టకీమని అవునన్నారే" అని లేచింది పెద్దమ్మ.

ఆ మర్నాటి నుంచి మొదలైంది. ఆసుపత్రిలో ఆమె పని ఒంటిగంటకి అయిపోయేది. అక్కడినుంచి నడుచుకుంటూ భవనం వెనక, పనివాళ్ళ గేటు దగ్గరికి వెళ్ళేది. రెండింటికి పనివాళ్ళు మారే వేళ. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆ సన్నటి గేటులోంచే కదలాలి. పెద్దమ్మ పుస్తకం తెరిచి రెండు వందల పదో పేజీ గట్టిగా చదివేది. ఆ ఒక్క పేజీ. ఒక్క మాట కలిపేది కాదు, తిట్టేది కాదు. చదవడం అయ్యాక పుస్తకం సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేది.

మూడో రోజు గేటు కాపలాదారు వచ్చాడు. "ఇక్కడ నిలబడకూడదమ్మా."

"ఈ రోడ్డు ఎవరిదయ్యా?"

"మునిసిపాలిటీది."

"అయితే వాళ్ళని వచ్చి చెప్పమను."

అతను అటూ ఇటూ చూసి, రేపట్నుంచి ఎండ పడకుండా ఇటు గోడ నీడలో నిలబడమన్నాడు.

మొదట అందరూ తలొంచుకుని గబగబా నడిచేవారు. వారం అయ్యేసరికి కొత్తవాళ్ళు ఆగి వినడం మొదలుపెట్టారు. పాతవాళ్ళకే కష్టమైంది. పదో రోజున నేనూ వెళ్ళాను. ఆ రోజే నేలకి మైనం పట్టించే ఆవిడ ఆగింది. మోకాళ్ళు అరిగిపోయి కర్ర పట్టుకుంది. వెనకే వెండి సామాను తోమే ఆయన.

"అక్కా, చాలించవే" అంది ఆవిడ. "నువ్వు కాదని మాకు ఆ రోజే తెలుసు. నీ నోరు మాకు తెలీదా?"

పెద్దమ్మ పుస్తకం మూసింది. ఆమెకి అంత కోపం రావడం నేను ఎన్నడూ చూడలేదు. మేనేజరు దగ్గర కూడా అంత రాలేదు.

"తెలుసా? తెలిసే నా నడుముకున్న తాళాలు ఊడదీశావా? తెలియక ఊరుకున్నారని పదకొండేళ్ళు సర్దిచెప్పుకున్నాను. మీరేమో తెలిసే ఊరుకున్నారా?"

"పిల్లలున్నవాళ్ళం" అన్నాడు వెండి సామానాయన.

"నాకు లేరు కనక నేను పోయినా పర్లేదనుకున్నారా అన్నయ్యా?"

ఆయన గేటులోకి నడిచాడు. నేలావిడ కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది. పెద్దమ్మ మళ్ళీ పుస్తకం తెరిచి, ఆగిన చోటి నుంచి చదివింది.

పంతొమ్మిదో రోజున, నేనూ వెంట ఉన్నప్పుడు, గేటు దగ్గరికి కబురొచ్చింది, రాణిగారు రమ్మంటున్నారని. "సాక్షిగా నువ్వూ రా" అని నన్ను వెంటబెట్టుకుంది పెద్దమ్మ. పనివాళ్ళ మెట్లే ఎక్కాం. ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి తీసుకుంది. పూల కాగితం తలుపు ఎక్కడుందో చూడకుండానే తోసింది.

రాణిగారు ఇంకా ఆ చిన్న గదిలోనే ఉంటున్నారు. బక్కపలచటి మనిషి, ఒళ్ళో శాలువా. ఆ సన్న మంచం గోడవారగా ఉంది. పెద్దమ్మ ముందు మంచమే చూసింది. దుప్పటి మూల సరిగ్గా మడవలేదు. ఆమె వేళ్ళు కదలడం నేను గమనించాను, కానీ మంచం జోలికి వెళ్ళలేదు.

"కూర్చో" అన్నారు రాణిగారు.

"నిలబడతానండి."

రాణిగారు శాలువా సర్దుకున్నారు. "పొద్దున నువ్వు ఆ గదిలో ఏం చేసేదానివో నేనొకసారి తలుపు సందులోంచి చూశాను. నా దిండు నలుపుతున్నావు. ఆ తరవాత కూడా చాలాసార్లు చూశాను."

పెద్దమ్మ మంచం మీంచి చూపు తిప్పి ఆమెని చూసింది.

"కాబట్టి నువ్వు కాదని నాకు తెలుసు. కానీ నువ్వు కాదని చెప్పాలంటే పత్రికలో వచ్చింది నిజమేనని ఒప్పుకోవాలి. ఆ రోజు నాకు ధైర్యం చాల్లేదు. నువ్వు ఎక్కడో ఒకచోట బాగానే ఉండి ఉంటావనుకున్నాను."

"అనుకున్నారా, కనుక్కున్నారా అమ్మగారూ?"

రాణిగారి మొహం ఎర్రబడింది. "కనుక్కోలేదు."

"మీ గుట్టు నేను నాలుగేళ్ళు మోశాను. నా పరువు మీరు ఒక్క పూట మొయ్యలేకపోయారు" అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "నేను గేటు దగ్గర అడుగుతున్నదేంటో మీకు తెలుసు. కిందికి రండి."

"నాకు మెట్లు దిగడం కష్టం."

"నేను ముప్పై ఒక్క ఏళ్ళు మీ దుప్పట్ల మూటలతో ఎక్కానండి."

రాణిగారు ఆ రోజు దిగలేదు. ఆలోచించుకుంటానన్నారు. పెద్దమ్మ మర్నాడు మళ్ళీ గేటు దగ్గరికెళ్ళి చదివింది, ఆ పై రోజూ చదివింది. ఇరవై రెండో రోజు సాయంత్రం మేనేజరు మా ఇంటికి మనిషిని పంపాడు, రేపు పొద్దున పదింటికి రమ్మని.

ఇస్త్రీ హాల్లో అందరూ గోడల వెంట నిలబడి ఉన్నారు. రాణిగారు ఒక చెయ్యి మెట్ల పక్క కమ్మీ మీద, ఒక చెయ్యి మేనేజరు భుజం మీద వేసి మెట్లు దిగారు. పెళ్ళయి యాభై ఏళ్ళవుతున్నా ఆ హాల్లోకి రావడం అదే మొదటిసారని తరవాత తెలిసింది. ఎక్కడ నిలబడాలో తెలియక ఇస్త్రీ బల్ల పట్టుకుని నిలబడ్డారు.

"పదకొండేళ్ళ కిందట ఈమె విషయంలో ఒక పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టారు.

"పొరపాటు కాదండి" అంది పెద్దమ్మ. "అబద్ధం."

మేనేజరు ఆమె వైపు ఒక అడుగు వేశాడు. రాణిగారు చేత్తో ఆపారు. 

"అబద్ధం" అన్నారు రాణిగారు. "ఈమె మీద అబద్ధం చెప్పారు. అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసీ మాట్లాడలేదు. ఈమె ఏ సంగతీ ఎవరికీ చెప్పలేదు."

అంతే. నిజంగానే నిమిషం పట్టలేదు. మేనేజరు ముందుకొచ్చి, దుప్పట్ల గది చూసుకోవడానికి మళ్ళీ రావచ్చని, పాత ఇల్లు కూడా ఇప్పిస్తామని అన్నాడు. పెద్దమ్మ వద్దంది. "ఇవాళ సెలవు పెట్టొచ్చాను. రేపు ఆరింటికి నాకు ఆసుపత్రిలో డ్యూటీ ఉంది" అని చెప్పి, పనివాళ్ళ మధ్యనుంచి తలెత్తుకుని నడిచి గేటు దాటింది. ఇంటికొచ్చాక సంతోషంగా ఉందేమోనని చూశాను. లేదు. కాళ్ళు నొప్పులంటూ వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. మా అమ్మ మాత్రం అప్పటికే వీధిలో నాలుగిళ్ళు తిరిగి వచ్చింది.

"మరి రాణిగారిని క్షమించేశావా?" అని అడిగాను.

"చెప్పించుకున్నానంతే. క్షమించడం వేరే పని, అది కూడా నేనే చెయ్యాలా?" అంది.

ఇంకో ఆరేళ్ళు ఆసుపత్రిలో చేసి మానేసింది. రాజుగారి తమ్ముడి పుస్తకం రెండోసారి అచ్చయింది. తెప్పించి చూశాను. రెండు వందల పదో పేజీలో ఒక్క అక్షరం మారలేదు. నేలకి మైనం పట్టించే ఆవిడ ఇప్పుడు నెలకోసారి వస్తుంది. పెద్దమ్మ ఆమెకి కుర్చీ వేస్తుంది, మోకాళ్ళకి నూనె రాస్తుంది, ఇద్దరూ ఏవో పాత సంగతులు చెప్పుకుని నవ్వుకుంటారు. వెండి సామానాయన వస్తే మాత్రం గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేస్తుంది.